మాట రాని మధ్యాహ్నం

పోయిన వేసవి దాకా కాలువ గట్టు మీది గేటు గదిలో ఒక నల్ల ఫోను ఉండేది. జవళగేరకు నాలుగు కిలోమీటర్ల అవతల, చుట్టూ వరి చేలు తప్ప ఇల్లు కనపడని ఆ చోట జంబన్న పంతొమ్మిదేళ్లుగా షట్టర్ల కాపలా కాస్తున్నాడు. ఇప్పటికీ కాంట్రాక్టు మనిషే. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నీళ్లలో పాతిన గేజి రాయి చూసి, ఎన్ని అడుగులున్నాయో ఫోనులో చెప్పడం అతని పని. పైన పన్నెండు కిలోమీటర్ల దూరంలో అలాంటి గదిలోనే ఉండే మౌనేశ్ ఆ కొలత రాసుకుని నీటిపారుదల ఆఫీసుకు అందిస్తాడు.

కాలువ మరీ నిండితే పక్కనున్న ఎస్కేప్ షట్టరు ఎత్తి, మిగులు నీళ్లను వాగులోకి వదిలేయాలి. అయితే అది జంబన్న ఇష్టం కాదు. ఆఫీసు మౌనేశ్‌కు చెప్పాలి, మౌనేశ్ జంబన్నకు చెప్పాలి, అప్పుడే షట్టరు లేవాలి. ఎత్తేముందు జంబన్న ఇంకో ఫోను చేసేవాడు. అక్కడివాళ్లు హళ్ళ అని పిలిచే ఆ వాగు మూడు కిలోమీటర్ల కింద రోడ్డును దాటుతుంది. అక్కడ వంతెన లేదు, నేలబారు సిమెంటు చప్టా ఒకటే ఉంది. దాని పక్కన మారెవ్వ చిన్న హోటలు నడుపుతుంది. "మారెవ్వా, నీళ్లిడుస్తున్న, జనాన్ని ఆపు" అని ఒక్క మాట చెప్తే చాలు. ఆమె బెంచీలు తెచ్చి రోడ్డుకు అడ్డం వేసేది, వాగులో గొర్రెలు మేపే కనకప్ప లాంటివాళ్లను పేరు పెట్టి కేకేసి పైకి రప్పించేది.

వేసవిలో ఊళ్లోని టెలిఫోను ఎక్స్చేంజి మూతపడింది. రాగి లైన్లు ఇక నడపరని చెప్పారు. ఊళ్లోవాళ్లకు ఫైబర్ తీగ ఇచ్చారు కానీ, ఒక్క గది కోసం గట్టు దాకా దాన్ని లాగలేదు. ఒకరోజు ఇద్దరు మనుషులొచ్చి స్తంభాల మీది తీగను కోసి, చుట్టలు చుట్టి ఆటోలో వేసుకున్నారు. నల్ల ఫోను తీసేసి, సిమ్ము వేసిన తెల్ల డబ్బా ఫోను ఒకటి పెట్టారు.

"కరెంటు పోతే?" అని అడిగాడు జంబన్న.

"లోపల బ్యాటరీ ఉంది కాకా. ఐదారు గంటలు వస్తది" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

పాత ఫోనుకు కరెంటే అక్కర్లేదు. దానికి కావలసింది ఎక్స్చేంజి నుంచి తీగలోనే వచ్చేది. అయినా ఐదారు గంటలంటే తక్కువేం కాదనుకున్నాడు జంబన్న. డబ్బా కూడా మాటకు బాగానే పనిచేసింది. మౌనేశ్ గొంతు మునుపటి గరగర లేకుండా పక్కనే కూర్చుని మాట్లాడినట్టు వినిపించేది. మారెవ్వ ఫోను కూడా ఆ నెలలోనే పోయింది. ఆమె సెల్లు కొనుక్కుంది.

అక్టోబరులో ఒక మంగళవారం తెల్లవారినుంచీ ముసురు పట్టింది. చేలల్లో వరి పాలు పోసుకుంటున్న రోజులు. పదకొండు గంటలకు ముసురు కుండపోతగా మారింది. పన్నెండింటికి కరెంటు పోయింది. జంబన్న భార్య నింగమ్మ పొద్దున్నే వాగు అవతలి చేలకు పత్తి ఏరడానికి పోయింది, ట్రాక్టర్లో ఇరవై మంది ఆడవాళ్లతో. వానకు పని ఆగిపోయి ఉంటుంది. ఎక్కడైనా షెడ్డు కింద నిలబడి ఉంటారు, కాస్త తెరిపిస్తే బయల్దేరతారు. ఎప్పుడన్నది చెప్పలేం.

రెండింటికి గేజి ఆరడుగులు చూపించింది. అది కాలువ నిండు మట్టం. వాన పడితే ఎగువ రైతులు తమ తూములు మూసేస్తారు. ఎవరికీ అక్కర్లేని నీళ్లన్నీ కిందికి, జంబన్న మీదికి వస్తాయి. ఇది ప్రతి ఏడూ ఉండేదే. ఇలాంటప్పుడు మౌనేశ్ ఫోను చేసి పైన నీళ్లు తగ్గించారో లేదో చెప్పేవాడు. ఆ రోజు ఫోను రాలేదు.

జంబన్నే చేద్దామని రిసీవరు ఎత్తాడు. డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. చెవిలో మాత్రం ఏ చప్పుడూ లేదు. పెట్టేసి మళ్లీ ఎత్తాడు. చొక్కా లోపల ప్లాస్టిక్ కవరులో దాచుకున్న సెల్లు తీశాడు. సిగ్నలు గీత ఒక్కటి కూడా లేదు. గది పైకప్పు ఎక్కాడు, వానలో గట్టు మీద అటూ ఇటూ వంద అడుగులు నడిచాడు. లేదు. అప్పుడు బోధపడింది. డబ్బాకు బ్యాటరీ ఉంది కానీ, అది మాట్లాడాల్సిన టవరు ఊళ్లో ఉంది. టవరే ఆగిపోతే డబ్బాలో ఎన్ని గంటల బ్యాటరీ ఉండి ఏం చేస్తుంది? ఆ సంగతి వచ్చినవాళ్లు చెప్పలేదు. అడగాలని తనకూ తోచలేదు.

మూడింటికి ఆరున్నర దగ్గర ప్రమాదానికి గుర్తుగా వేసిన ఎర్ర గీత మునిగింది. మూడుంబావుకు దాని మీద ఇంకో బెత్తెడు నీళ్లు. ఊళ్లోకి పోదామంటే అక్కడా అదే టవరు. మౌనేశ్ దగ్గరికి పోదామంటే పన్నెండు కిలోమీటర్ల నల్లరేగడి గట్టు, సైకిలు చక్రం రెండు గజాలు కదలదు. వెళ్లి వచ్చేలోగా గేటు దగ్గర ఎవరూ ఉండరు. జంబన్న గదిలోకి పోయి రిసీవరు ఎత్తాడు, పెట్టాడు. బయటికొచ్చి గేజి చూశాడు. మళ్లీ లోపలికి పోయాడు. ఎన్నిసార్లు అలా తిరిగాడో అతనికే తెలియదు. గుమ్మంలో అతని కాళ్ల బురద అడుగు మీద అడుగుగా పేరుకుపోయింది.

మూడున్నరకు వాన కొంచెం తగ్గింది. అప్పుడొచ్చాడు సత్తిబాబు, మోటారుసైకిలు తోసుకుంటూ, నెత్తిన గోనెసంచి, మోకాళ్ల దాకా బురద. అతని తాత గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కోస్తా రైతులు కట్టుకున్న క్యాంపులో స్థిరపడ్డాడు. సత్తిబాబు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా ఇంట్లో మాట మారలేదు. అతని చేను సరిగ్గా గట్టు కిందే ఉంటుంది. నీళ్లు రాలేదని దెబ్బలాటకు తప్ప అతను గేటు దగ్గరికి రావడం జంబన్న ఎప్పుడూ చూడలేదు.

"జంబన్నా! మా చేను దగ్గర గట్టు కారుతోందయ్యా. ఎండ్రకాయ బొరియలోంచి బొటనవేలంత ధార. పొద్దున్న లేదది. నువ్వింకా షట్టరు ఎత్తలేదేంటి?"

"ఆఫీసుకెల్లి మాట రాలే."

"అయితే ఫోన్ చెయ్యవయ్యా!"

జంబన్న రిసీవరు అతని చేతికిచ్చాడు. సత్తిబాబు చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, మెల్లగా దించాడు.

ఇద్దరూ గట్టు వెంబడి పోయి చూశారు. ధార బొటనవేలంత లేదు, అప్పటికే మణికట్టంత అయింది. జంబన్న కూర్చుని దోసిలి పట్టాడు. తేట నీళ్లయితే భయం లేదు, ఊట అనుకోవచ్చు. దోసిట్లో నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి. అడుగున సన్నటి ఒండ్రు దిగింది. అంటే నీళ్లు గట్టును లోపలి నుంచి తింటున్నాయి.

"తెగితే నా చేనొక్కటే పోదు. కింద క్యాంపులో అరవై ఇళ్లున్నాయి. నీకు తెలీందేముంది?" అన్నాడు సత్తిబాబు.

"మాట లేకుండ ఎత్తితే నా నౌకరి పోతది బాబుగారు. రెండేండ్ల కింద ఒకన్ని గట్లనే తీసేసిండ్రు. పంట టైముల నీళ్లు హళ్ళల పోసిండని మీరంత ధర్నా చేస్తిరి. మీరు గూడ ఉంటిరి అండ్ల."

"ఉన్నాను. కాదనట్లేదు. ఇవాళ ఎత్తమని నేనే అడుగుతున్నాను. ఏ కాగితం మీదైనా సంతకం పెడతాను."

జంబన్న లేచి నిలబడ్డాడు. "నౌకరి పక్కకు పెట్టుండ్రి. ఇంత కాలువ హళ్ళల ఇడిస్తే పది నిమిషాలల్ల చప్టా మునుగుతది. ఆడ ఎవరున్నరో నాకెట్ల ఎరుక? మారెవ్వకు ఖబర్ ఇయ్యనీకె ఫోన్ లేదాయె. మా ఇంటామె హళ్ళ అవతలనే ఉంది. ట్రాక్టర్ ఎప్పుడు బయలెల్లుతదో ఏమో."

నీళ్ల ధార చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది.

"మీరు పోండ్రి" అన్నాడు జంబన్న చివరికి. "బండి ఎంత దూరం పోతే అంత దూరం పోండ్రి. బురదల దిగబడితే ఆడనే పడేసి ఉరుకుండ్రి. మారెవ్వకు చెప్పుండ్రి. దారిల హళ్ళల ఎవరు కనపడ్డ పైకి ఎక్కమనుండ్రి. సరిగ్గ నాలుగున్నరకు ఎత్తుత."

"నేను చేరానో లేదో నీకెలా తెలుస్తుందయ్యా?"

"తెల్వదు."

ఇద్దరూ చేతి గడియారాలు దగ్గర పెట్టి చూసుకున్నారు. సత్తిబాబుది రెండు నిమిషాలు వెనక ఉంది. ముల్లు తిప్పుకున్నాడు. మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. అతని బండి గట్టు దిగి, రెండుసార్లు పక్కకు జారి, తుమ్మ చెట్ల వెనక్కు పోయింది. చప్పుడు కాసేపు వినిపించి ఆగింది. దూరం పోయి ఆగిందో, బురదలో కూరుకుని ఆగిందో జంబన్నకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి నలభై నిమిషాల్లో అతను షట్టరు పళ్లచక్రానికి గ్రీజు రాశాడు. మట్టి నింపిన సంచులు రెండు మోసుకుపోయి గట్టు లోపలి వైపు, బొరియ ఉందనుకున్న చోట నీళ్లలోకి దించాడు. ధార ఆగలేదు. నాలుగుంబావుకు దాని చుట్టూ మట్టి పెళ్ల ఒకటి తట్టంత ఊడి చేలో పడింది. ఇప్పుడే ఎత్తేద్దామా అనిపించింది. వెంటనే నింగమ్మ ట్రాక్టరు డబ్బాలో వెనక వైపు, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉన్నట్టు కళ్లకు కట్టింది. ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. కిక్కిరిసి కూర్చుంటే కడుపులో తిప్పుతుందంటుంది.

నాలుగున్నర అయింది. జంబన్న రెండు చేతులూ హ్యాండిల్ మీద వేశాడు. తిప్పలేదు. సత్తిబాబు బండి ఎక్కడో ఆగిపోయి ఉంటే? ఉరికే వయసు కాదతనిది. ఇంకో ఐదు నిమిషాలు అనుకున్నాడు. ఐదూ అయ్యాక ఇంకో ఐదు అనుకున్నాడు. నాలుగూ నలభైకి చేను వైపు ధబ్‌మని ఇంకో పెళ్ల పడిన చప్పుడు వచ్చింది. కళ్లు మూసుకుని తిప్పాడు.

మొదట నాలుగు వేళ్ల ఎత్తే లేపాడు, వాగులో ఎవరైనా ఉంటే కాళ్లకు నీళ్లు తగిలి పైకెక్కుతారని. ఒకటి నుంచి మూడు వందల దాకా లెక్కపెట్టాడు. తర్వాత ఇంకో అడుగు, ఆ తర్వాత పూర్తిగా. ఎర్రటి నీళ్లు రాళ్ల మీద పడి తెల్లగా లేచి, మలుపు తిరిగి చూపుకు అందకుండా పోయాయి. ఆ మలుపు అవతల ఏం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. గేటు విడిచి పోకూడదు. మళ్లీ దించాల్సి వస్తుంది. జంబన్న గట్టు మీద గొంతుక్కూర్చుని గేజి రాయి వైపే చూశాడు. ఐదుంబావుకు బెత్తెడు దిగింది. చేలోకి కారే ధార సన్నబడింది.

ఆరింటికి అలవాటు కొద్దీ లోపలికి పోయి రిసీవరు ఎత్తాడు. పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది. పెట్టేసి, పుస్తకంలో ఆరడుగులని రాశాడు.

చీకటి పడకముందే నింగమ్మ వచ్చింది. వాగు దాటలేక, అవతలి ఒడ్డు వెంబడి ముళ్లలో మూడు కిలోమీటర్లు నడిచి, కాలువ మీది నడక పలకలు ఎక్కి ఒంటరిగా వచ్చింది. ఆమెను చూసి జంబన్న లేవబోయాడు.

"ట్రాక్టర్?" అన్నాడు.

"ఆడనే ఉంది. క్యాంపాయన చెప్పుల్లేకుండ ఉరుక్కుంట వచ్చిండంట. మారెవ్వ వానకు ముసుగేసుకుని ట్రాక్టర్ ముంగట నిలబడ్డది. డ్రైవర్ ఒప్పుకోలే. నీళ్లేడున్నయ్, ఉత్తగనే ఆపుతున్నరు అని లడాయి. అట్ల ఒర్లుతుంటనే వచ్చె నీళ్లు. చప్టా మీద నడుం లోతు పారింది."

"ఎవరన్న పోయిండ్రా?"

"మనుషులు ఎవరు పోలే." ఆమె చెంగు పిండుకుంది. "కనకప్ప గొర్లు పోయినయ్. తొమ్మిదంటున్నరు. ఆయనకు గూడ రాయి తాకి కాలు పగిలింది."

నింగమ్మ అతని పక్కన కూర్చుని, కాళ్లలోని ముళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు తొమ్మిదింటికి డబ్బా ఫోను మోగింది.

"అన్నా! ఎట్లున్నవే! నిన్న ఒంటిగంట నుంచి చేస్తనే ఉన్న, చేస్తనే ఉన్న. చేతులు పడిపోయినయ్" అన్నాడు మౌనేశ్.

"ఏం చెప్దమని చేసినవ్ మౌనేశా?"

"ఎస్కేప్ ఎత్తొద్దని. పైన ఒంటిగంటకే నీళ్లు తగ్గించిండ్రు. రాత్రి ఎనిమిదింటికల్ల నీ కాడ దిగుతయ్, అందాక ఓపిక పట్టమను, నీళ్లు ఖరాబ్ చేయొద్దను, అని సార్ చెప్పిండె."

"మల్ల నేను నాలుగున్నరకే ఎత్తిన" అన్నాడు జంబన్న.

"ఎరుకైంది. సార్ బయలెల్లిండు నీ కాడికి."

ఇంజనీరు వాదిరాజ్ జీపు దిగి నేరుగా సత్తిబాబు చేను దగ్గరికి నడిచాడు. గట్టు లోపలి వైపు నీళ్లు దిగిపోయి బొరియ నోరు బయటపడింది, బిందె దూరేటంత ఉంది. అతను అందులోకి కర్ర పెట్టి చూశాడు. కర్రతో పాటు చెయ్యి కూడా మోచేతి దాకా పోయింది.

"గట్టు ఎనిమిదింటి దాకా ఆగి ఉండేదేమో" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఆగేదాండీ? మీరే నిలబడి ఉండాల్సింది నిన్న ఇక్కడ" అన్నాడు సత్తిబాబు. అతని పాదాలకు గుడ్డలు కట్టి ఉన్నాయి. "మట్టి నీళ్లు కారాయి సారూ. ఇతను ఎత్తకపోతే ఇవాళ మీరు మా ఇళ్లు లెక్కపెట్టుకునేవారు."

"నేను తప్పనలేదు. నిన్నంతా నేనూ ఫోను పట్టుకునే కూర్చున్నాను." వాదిరాజ్ జంబన్న వైపు తిరిగాడు. "కానీ జంబన్నా, కింద చివరి చేలవాళ్లు తమ నీళ్లు వాగు పాలయ్యాయని పొద్దున్నే ఆఫీసు ముందు కూర్చున్నారు. మెమో ఇవ్వక తప్పదు. జవాబు రాసివ్వు. జరిగింది జరిగినట్టు రాయి."

జంబన్న ఊళ్లో టైపు చేసేవాడి దగ్గర కూర్చుని జవాబు చెప్పి రాయించాడు. షట్టరు ఎత్తిన సమయం నాలుగున్నర అని చెప్పాడు. పది నిమిషాల సంగతి అందులో లేదు. నింగమ్మకు కూడా చెప్పలేదు. సత్తిబాబు అన్నట్టే సంతకం పెట్టాడు, క్యాంపువాళ్లందరి చేతా పెట్టించాడు. పదిహేను రోజులకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పనిలోంచి తీయలేదు, ఇకముందు మాట లేకుండా ఎత్తొద్దని హెచ్చరించారు. గేటు గదికి వైర్‌లెస్ సెట్టు ఇచ్చే విషయం పరిశీలిస్తున్నామని కింద ఇంకో వాక్యం ఉంది.

అంతకు ముందే, వాన పడిన మూడో రోజున, జంబన్న కనకప్ప మంద దగ్గరికి పోయాడు. తడకల పక్కన కనకప్ప కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. రా అనలేదు, పొమ్మనలేదు. జంబన్న కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"ఆ క్యాంపాయన గట్టు మీదికెల్లి ఒర్లిండు" అన్నాడు కనకప్ప. "ఎక్కు ఎక్కు అని. గొర్లు చేన్ల పడ్డయని తిడుతున్నడనుకున్న. వాళ్లు ఎప్పుడు ఒర్లేది గందుకే గద. మెల్లగ తోలుకుంట వస్తున్న. మారెవ్వ పిలిస్తే ఉరికొస్తుంటి."

"మారెవ్వకు చెప్పనీకె నాకు ఫోన్ లేకపాయె."

"అదే అంటున్న."

గొర్రెలు తడకల అవతల ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. కనకప్ప వాటినే చూస్తూ అడిగాడు. "నువ్వు ఎత్తకపోతే గట్టు తెగుతుండెనా?"

"తెల్వదు కనకప్పా."

"తెల్వకుండనే ఎత్తినవా?"

"తెల్వకుండనే ఎత్తిన."

కనకప్ప తల ఊపాడు. కోపంతో ఊపాడో, ఒప్పుకుని ఊపాడో జంబన్నకు తెలియలేదు. కనకప్ప బోరింగు వైపు చెయ్యి చూపించాడు. "తొట్టిల నీళ్లు లేవు. నాకు లేవరాదు."

జంబన్న లేచి బిందె తీసుకున్నాడు. బోరింగు కొట్టి నాలుగు బిందెలు పోశాడు. ఐదోది మోసుకొస్తుంటే నైరుతి వైపు ఆకాశం నల్లబడడం చూసి ఆగాడు. కనకప్ప కూడా చూశాడు.

"మబ్బు పట్టె. ఈ నీళ్లు చాలు, పో" అన్నాడు. "గేటు కాడికి పో."

జంబన్న బిందె దించి సైకిలెక్కాడు. ఊరు దాటేటప్పుడు జేబులోంచి సెల్లు తీసి చూశాడు. మూడు గీతలున్నాయి. మారెవ్వకు ఫోను చేశాడు. "ఏం లేదు మారెవ్వా, ఉత్తగనే. మోగుతదా లేదా అని చేసిన" అని, ఆమె ఏదో అంటుండగానే పెట్టేసి, మౌనేశ్ నంబరు నొక్కుతూ గట్టు దారి పట్టాడు.